నొప్పి తగ్గింది సరే, రాయి ఎక్కడుంది?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్పై ఆరు. గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో చీరల కౌంటర్ దగ్గర పనిచేస్తారు. భర్త ఆటో నడుపుతారు. ఇంట్లో అత్తగారు, ఎనిమిదో తరగతి చదివే పాప ఉన్నారు.

మూడు వారాల కిందట తెల్లవారుజామున ఎడమ పక్క నడుము దగ్గర నొప్పి మొదలై పొత్తికడుపులోకి, అక్కణ్నుంచి తొడ మొదట్లోకి దిగిందట. కూర్చోలేక, పడుకోలేక ఇల్లంతా తిరిగారు. వాంతులయ్యాయి. నీళ్లు తాగితే రాయి కొట్టుకుపోతుందని భర్త పెద్ద సీసాడు నీళ్లు ఒకేసారి తాగించారు. దాంతో నొప్పి ఇంకా పెరిగింది. వీధి చివర ఆర్‌ఎంపీ సూది వేశాక తగ్గింది. మర్నాడు స్కాన్ తీయిస్తే ఎడమ యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రసంచికి వెళ్లే సన్నటి గొట్టం) కింది భాగంలో 7 మిల్లీమీటర్ల రాయి, ఎడమ కిడ్నీలో 'మైల్డ్ హైడ్రోనెఫ్రోసిస్' అని వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మామూలుగానే ఉంది. యూరాలజిస్ట్ నాలుగు వారాలకు మందులు రాశారు. మధ్యలో ఒకసారి చూపించుకోమన్నారు. ఆలోపు రాయి పడిపోకపోతే లోపలికి సన్నటి గొట్టం పంపి తీసేద్దామన్నారు.

ఆమె మళ్లీ వెళ్లలేదు. రాసిచ్చిన మాత్రలు వేసుకుంటే కళ్లు తిరిగాయని మానేశారు. నొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకున్నారు. ఇప్పుడు పది రోజులుగా నొప్పి లేదు. అత్తగారు రోజూ పొద్దున్నే కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం ఇస్తున్నారు. ఆవిడకు ఒకప్పుడు రాయి దాంతోనే పడిపోయిందట. టమాటా, పాలు, పెరుగు, ఆకుకూరలు అన్నీ మాన్పించేశారు. షాపులో పండగ సీజన్, సెలవు అడిగితే జీతం కోస్తారని భయం. పైగా 'ఆపరేషన్' అనే మాటకే ఇంట్లో అందరికీ టెన్షన్.

ఉత్తరం చివర ఇలా రాశారు: "మొన్న ఆదివారం రాత్రి ఒళ్లు వణికి జ్వరం వచ్చింది. పారాసెటమాల్ వేసుకుంటే తెల్లారేసరికి తగ్గిపోయింది, మళ్లీ రాలేదు. నొప్పి లేదు, మూత్రం బాగానే వస్తోంది, రక్తపరీక్ష బాగుంది. రాయి కరిగిపోయే ఉంటుంది కదక్కా? ఇంక ఆపరేషన్ ఎందుకు? మా నాన్నకూ రాళ్లుండేవి, నాకొచ్చాయి. రేపు మా పాపకూ వస్తాయా?"

అమ్మా, మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను. ముందు మీరు అడగని దాని గురించి మాట్లాడాలి. ఆదివారం రాత్రి జ్వరం సంగతి మీరు రెండు ముక్కల్లో రాసి దాటేశారు. ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది అదే. అందుకే జవాబులో ఈ భాగం మీకు విడిగా ముందే పంపాను. ఇలాంటి పరిస్థితిలో ఉన్న మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

అది మామూలు వైరల్ జ్వరమే అయ్యుండొచ్చు. కానీ యురేటర్లో రాయి ఉన్న మనిషికి చలి, వణుకుతో జ్వరం వస్తే ముందుగా అనుమానించాల్సింది రాయినే. రాయి అడ్డుపడ్డప్పుడు దాని వెనకాల మూత్రం నిలిచిపోతుంది. నిలిచిన మూత్రంలో సూక్ష్మక్రిములు చేరితే, బయటికి పోయే దారి లేక అవి కిడ్నీలోంచి రక్తంలోకి ఎక్కుతాయి. అప్పుడు బీపీ పడిపోవడం, మనిషి మత్తుగా అయిపోవడం కొన్ని గంటల్లోనే జరగొచ్చు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అది. పారాసెటమాల్ వేసుకుంటే ఒళ్లు చల్లబడుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ ఎక్కడిదక్కడే ఉంటుంది. జ్వరం మళ్లీ రాలేదు కాబట్టి పోయిందనుకోవడానికి లేదు.

కాబట్టి రేపు షాపుకు వెళ్లే ముందు కాదు, షాపు మానేసి ఆసుపత్రికి వెళ్లండి. మూత్రపరీక్ష, మూత్రం కల్చర్, రక్తంలో తెల్లకణాల లెక్క, క్రియాటినిన్, మళ్లీ ఒక స్కాన్ చేయించాలి. ఈలోపు మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి వేసుకోకండి. అది వేసుకున్నాక మూత్రం ఇస్తే ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలియకుండా పోతుంది. ఇది చదివేలోపు మళ్లీ చలిజ్వరం వస్తే పొద్దున దాకా ఆగొద్దు. అర్ధరాత్రైనా సరే రుయా ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి గానీ, దగ్గర్లో యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికి గానీ వెళ్లాలి. ఆటో ఇంట్లోనే ఉంది కదా అని అనిపిస్తుంది. కానీ కళ్లు తిరుగుతున్నా, మాట తడబడుతున్నా 108కే ఫోన్ చేయండి.

ఇన్ఫెక్షన్ ఉందని తేలితే డాక్టర్లు ముందు రాయి జోలికి వెళ్లరు. నిలిచిన మూత్రానికి దారి చేస్తారు. డీజే స్టెంట్ అనే సన్నటి మెత్తని గొట్టాన్ని యురేటర్లో పెడతారు. అది కుదరకపోతే వీపు వైపు నుంచి కిడ్నీలోకి చిన్న ట్యూబ్ వేస్తారు. యాంటీబయాటిక్స్‌తో ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాకే రాయి సంగతి చూస్తారు. "రాయి తీయకుండా గొట్టం వేసి పంపించేశారు, మోసం చేశారు" అని బంధువులు గొడవపడటం చూస్తుంటాం. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రాయిని కదిలిస్తే క్రిములు రక్తంలోకి ఇంకా ఎక్కువగా ఎక్కుతాయి. అందుకే రెండు విడతలు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. నొప్పి లేదు, మూత్రం వస్తోంది, క్రియాటినిన్ బాగుంది అని మూడు ధైర్యాలు చెప్పుకున్నారు. వాటిని నమ్మడంలో మీ తప్పేమీ లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ మూడింటిలో ఒక్కటి కూడా మీ ఎడమ కిడ్నీ గురించి ఏమీ చెప్పడం లేదు.

రాయి అడ్డుపడటంతో యురేటర్ దాన్ని తోసేయాలని బిగుసుకుంటుంది, పైన కిడ్నీలో ఒత్తిడి పెరుగుతుంది. మీరు ఇల్లంతా తిరిగేలా చేసిన నొప్పి అదే. రాయి కదలకుండా ఒకచోట కూర్చుంటే కొన్నాళ్లకు ఆ కిడ్నీ మూత్రం తయారు చేయడం తగ్గిస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. రాయి పడిపోయినా నొప్పి తగ్గుతుంది. రాయి అక్కడే ఉండి కిడ్నీ నీరసపడుతున్నా తగ్గుతుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. స్కాన్ ఒక్కటే తేడా చెప్పగలదు.

మూత్రం బాగానే వస్తోందంటే కుడి కిడ్నీ పనిచేస్తోందని అర్థం. ఒక్క ఆరోగ్యమైన కిడ్నీ చాలు, రోజంతా మామూలుగానే మూత్రం వస్తుంది. క్రియాటినిన్ కూడా అంతే. ఒక పక్క కిడ్నీ పూర్తిగా మూసుకుపోయినా రెండోది బాగుంటే ఆ అంకె నార్మల్‌లోనే ఉండొచ్చు. హైడ్రోనెఫ్రోసిస్ అంటే మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బడం. 'మైల్డ్' అన్నారు కాబట్టి అప్పటికి కొంచెమే. కానీ అది మూడు వారాల కిందటి మాట. పూర్తిగా అడ్డుపడితే రెండు వారాల్లోనే కిడ్నీ పనితనంలో కొంత శాశ్వతంగా పోవడం మొదలవ్వొచ్చు. కొంచెం దారి ఉంటే ఇంకొంత వ్యవధి దొరుకుతుంది. మీ డాక్టర్ నాలుగు వారాలని గడువు పెట్టింది, మధ్యలో రమ్మన్నది ఇందుకే. మళ్లీ నొప్పి రాకుండానే ఒక కిడ్నీ పాడైపోయిన వాళ్లుంటారు. వాళ్లలో చాలామంది కూడా నొప్పి తగ్గిందనే ఊరుకున్నారు.

కషాయం గురించి. మీ అత్తగారు అబద్ధం చెప్పడం లేదు. ఆవిడకు రాయి పడే ఉంటుంది. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలామందికి ఏ మందూ లేకుండానే పడిపోతాయి. ఆ రోజుల్లో ఎవరు ఏం తాగుతుంటే దానికే పేరొస్తుంది. కషాయం, దూట రసం తాగడం వల్ల ఒంట్లోకి నీళ్లు కూడా ఎక్కువే వెళ్తాయి, అదీ కొంత మేలే. కానీ 7 మిల్లీమీటర్ల రాయిని కొండపిండి కరిగిస్తుందని నమ్మి స్కాన్ మానేయడానికి ఆధారం లేదు. ఎక్కువమందిలో ఉండేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. వాటిని కరిగించే మందు అల్లోపతీలోనే లేదు. యూరిక్ యాసిడ్ రాళ్లు మాత్రం డాక్టర్ ఇచ్చే మందులతో కరుగుతాయి. ఆ మందు మూత్రంలో ఆమ్లగుణం తగ్గిస్తుంది, మధ్యమధ్యలో పరీక్షలు చేస్తూ వాడాలి.

ఉలవచారు అన్నంలో కలుపుకుని తినండి, అరటి దూట కూర వండుకోండి, వాటితో భయం లేదు. ఆకుల కషాయాన్ని చిక్కగా కాచి రోజూ పరగడుపున తాగడం మాత్రం ఆపమంటాను, ముఖ్యంగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నప్పుడు. కిడ్నీ ఒత్తిడిలో ఉంది, దాని మీద ఇంకా బరువు వద్దు. అత్తగారితో వాదన పెట్టుకోకండి. "మీ మందు పనిచేసిందో లేదో స్కాన్‌లో చూద్దాం అత్తా, మీరూ రండి" అని ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. స్కాన్‌లో రాయి లేకపోతే ఆవిడకు సంతోషం. ఉంటే, అక్కడ డాక్టర్ చెప్పింది ఆవిడే చెవులారా వింటారు. మీరు ఇంటికొచ్చి చెప్పే శ్రమ తప్పుతుంది.

డైక్లోఫెనాక్ రాయి నొప్పికి మంచి మందే. ఆసుపత్రిలోనూ మొదట అదే రకం ఇస్తారు. సమస్య మందుతో కాదు, దాన్ని ఎవరికీ చెప్పకుండా కొనుక్కుని, వాంతులై ఒంట్లో నీళ్లు లేనప్పుడు, ఖాళీ కడుపుతో వేసుకోవడంతో. అలా వాడితే అది కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తుంది, కడుపులో పుండు చేస్తుంది. ఎన్ని వేసుకున్నారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. కళ్లు తిరిగాయన్న మాత్ర బహుశా టామ్సులోసిన్ అయ్యుంటుంది. అది యురేటర్ కండరాన్ని వదులు చేసి రాయికి దారిస్తుంది. మీలాగా 5 మిల్లీమీటర్లు దాటి, కింది భాగంలో ఉన్న రాయికే దానితో ఉపయోగం ఎక్కువ. బీపీని కొంచెం తగ్గిస్తుంది కాబట్టి లేచి నిలబడగానే తల తిరుగుతుంది. రాత్రి పడుకునే ముందు వేసుకోమనో, మోతాదు మార్చో డాక్టరే సర్దగలరు. అడగకుండా మానేయడం వల్ల రాయి పడే అవకాశాన్ని మీరే తగ్గించుకున్నారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇవన్నీ ఇన్ఫెక్షన్ లేదని తేలాకే సుమా.

మొదటిది, స్కాన్‌లో రాయి లేదు, కిడ్నీ వాపు తగ్గింది అని రావచ్చు. అప్పుడు ఇంక నీళ్లు, తిండి జాగ్రత్తలే. ఒక్కమాట, అల్ట్రాసౌండ్‌లో యురేటర్ మధ్యలో ఉన్న రాయి ఒక్కోసారి కనపడదు. రాయి కనపడకుండా వాపు మాత్రం అలాగే ఉంటే డాక్టర్ సీటీ స్కాన్ అడుగుతారు. అది డబ్బు కోసం అనుకోకండి. మీకు నెలసరి ఆలస్యమై ఉంటే మాత్రం సీటీకి, ఎక్స్‌రేకి ముందే ఆ సంగతి చెప్పాలి.

రాయి అక్కడే ఉండి, వాపు పెరగకుండా, నొప్పి, జ్వరం లేకుండా ఉంటే గడువులో మిగిలిన రోజులు ఆగి చూడటం రెండో దారి. 5 నుంచి 10 మిల్లీమీటర్ల రాళ్లు దాదాపు సగం మందికి వాటంతట అవే పడిపోతాయి, కింది భాగానికి దిగినవాటికి అవకాశం ఇంకొంచెం ఎక్కువ. ఈ దారిలో కోత లేదు, సెలవు అక్కర్లేదు. కానీ ఏ రాత్రైనా మళ్లీ నొప్పి రావచ్చు. స్కాన్ తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి, ఆ తేదీన నొప్పి ఉన్నా లేకపోయినా వెళ్లాలి. తేదీ లేకుండా ఆగితే అది రాయిని గాలికి వదిలేయడమే. ఈ రోజుల్లో మూత్రాన్ని టీ జల్లెడ లోంచో, పల్చటి గుడ్డలోంచో పోయండి. రాయి దొరికితే పారేయకుండా పొడి సీసాలో వేసి డాక్టర్‌కు ఇవ్వండి. అది ఏ రకమో పరీక్ష చేస్తే మళ్లీ రాకుండా ఏం చేయాలో తెలుస్తుంది.

మూడోది మీరు భయపడుతున్నది. యురేటరోస్కోపీ అంటారు. పొట్ట మీద, నడుము మీద ఎక్కడా కోత ఉండదు. మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి స్కోప్ పంపి, లేజర్‌తో రాయిని పగలగొట్టి ముక్కలు తీస్తారు. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. అసలు చికాకు తర్వాత వేసే స్టెంట్‌తో. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలనిపిస్తుంది, వెళ్లినప్పుడు నడుములో పోటు వస్తుంది, కాస్త ఎర్రగా కూడా పడొచ్చు. ఇది ముందే తెలిస్తే కంగారు ఉండదు. స్టెంట్‌ని డాక్టర్ చెప్పిన తేదీకి తప్పకుండా తీయించుకోవాలి. బాగానే ఉంది కదా అని నెలల తరబడి మర్చిపోతే దాని మీదే రాయి పేరుకుని, తీయడానికి పెద్ద ఆపరేషన్లు అవసరమైన వాళ్లున్నారు.

బయటి నుంచి తరంగాలతో రాయిని పగలగొట్టే పద్ధతి కూడా ఉంది, ఈఎస్‌డబ్ల్యూఎల్ అంటారు. కోత లేదు, స్కోప్ లేదు. కానీ ముక్కలు మీరే మూత్రంలో పంపాలి, ఒక్కోసారి మళ్లీ చేయాల్సి వస్తుంది. గర్భం ఉంటే చేయరు. మీ రాయి ఉన్నచోటికి ఏది మేలో యూరాలజిస్ట్‌ని అడగండి.

కషాయం తాగుతూ స్కాన్ లేకుండా ఉండిపోవడం కూడా ఒక దారే, మీరిప్పుడు ఉన్నది అందులోనే. డబ్బు, సెలవు ఈ నెలకు మిగులుతాయి. రాయి పడిపోకపోతే పోయేది ఎడమ కిడ్నీ. అప్పటి ఖర్చు ఇప్పటిలా ఉండదు.

డబ్బు సంగతి. మీ జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో ఈ రోజే చూడండి. పదిమంది గానీ, అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే షాపైతే ఉండే అవకాశం ఎక్కువ. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కడతారు. ఉంటే తిరుపతిలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. అక్కడ కుదరని చికిత్సకు వేరే ఆసుపత్రికి రెఫర్ చేస్తారు. మీకు ఇంకా ముఖ్యమైనది అనారోగ్య భృతి. చందా కట్టే ఆరునెలల కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, డాక్టర్ సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. సెలవు పెడితే జీతం మొత్తం పోతుందన్న మీ భయం దీనితో చాలావరకు తీరుతుంది. ఈఎస్‌ఐ లేకపోతే రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, స్విమ్స్‌లో యూరాలజీ విభాగం ఉంది. రేషన్ కార్డు తీసుకెళ్లి, ఇదివరకు ఆరోగ్యశ్రీ అనే ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ చికిత్స వస్తుందేమో ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో అడగండి. రాళ్లకు చేసే చికిత్సలు ఆ పథకంలో ఉన్నాయి.

మన చిత్తూరు, తిరుపతి వైపు ఏ జబ్బు చేసినా తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్దామంటారు. ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే చికిత్సకు వెళ్తే తప్పు లేదు. జ్వరంతో ఉన్నప్పుడు మాత్రం ఆ ప్రయాణం పెట్టుకోకండి. దగ్గర్లో ఏది ఉంటే అక్కడే ముందు చేరాలి.

తిండి విషయంలో మీ ఇంట్లో మంచి ఉద్దేశంతోనే చాలా అన్యాయం జరుగుతోంది. మదనపల్లె టమాటా పండే నేల మీద పుట్టి, టమాటా గింజలే కిడ్నీలో రాళ్లవుతాయని మనమే నమ్ముతున్నాం. గింజ పేగుల్లోంచి బయటికి పోతుంది, కిడ్నీలోకి వెళ్లే దారే లేదు. కూరలో వేసే టమాటా మానక్కర్లేదు. పాలు, పెరుగు మానడం అయితే ఎదురు దెబ్బ. తిండిలోని కాల్షియం, పాలకూర లాంటి వాటిలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగుల్లోనే పట్టుకుని బయటికి పంపేస్తుంది. పెరుగు మానేస్తే ఆ ఆక్సలేట్ రక్తంలోకి ఎక్కి మూత్రంలో దిగుతుంది. కాబట్టి రోజూ పాలో, పెరుగో, మజ్జిగో ఉండాలి, భోజనంతో కలిపి తీసుకుంటే ఇంకా మంచిది. తగ్గించాల్సింది పాలకూర, చుక్కకూర లాంటివి. రోజూ కాకుండా ఎప్పుడైనా, పెరుగన్నంతో పాటు తినండి. శనక్కాయలు కూడా గుప్పెళ్లకొద్దీ వద్దు. మిగతా ఆకుకూరలన్నీ వదిలేయకండి. విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో వేసుకునే అలవాటుంటే మానండి, అది ఆక్సలేట్‌గా మారుతుంది.

ఎవరూ మీకు మాన్పించనిది ఉప్పు. ఊరగాయ, అప్పడం, వడియం, ఉప్పు చల్లిన మజ్జిగ, షాపు పక్కన తినే మిక్చర్, వీటితోనే చాలా ఉప్పు వెళ్తుంది. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. ఆదివారం మాంసం తినండి, వారమంతా మాత్రం వద్దు. నిమ్మరసం మంచిది, అందులోని సిట్రేట్ రాళ్లు గట్టిపడకుండా చూస్తుంది. ఉప్పూ, చక్కెరా లేకుండా తాగాలి. కూల్‌డ్రింకులు వద్దు.

నీళ్ల దగ్గరికి వస్తే, మీ ఉత్తరంలో ఇంకో చిన్న వాక్యం నన్ను ఆపింది. షాపులో ఆడవాళ్ల బాత్రూం పై అంతస్తు వెనకాల ఉందనీ, వెళ్లాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలనీ, అందుకే పొద్దున ఇంట్లో తాగిన నీళ్లతోనే సాయంత్రం దాకా ఉంటాననీ రాశారు. టమాటాని, బోరు నీళ్లని తిట్టుకుంటున్నాం గానీ నా ఉద్దేశంలో మీ రాయికి పెద్ద కారణం ఇక్కడే ఉంది. తిరుపతి ఎండల్లో రోజంతా నిలబడి పనిచేసే మనిషి ఒంట్లోంచి చెమట పోతూనే ఉంటుంది. నీళ్లు పడకపోతే మూత్రం చిక్కబడుతుంది, చిక్కటి మూత్రంలోనే రాయి మొదలవుతుంది. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేన్ని నీళ్లు తాగాలి. అంటే మామూలు రోజుల్లో మూడు లీటర్ల దాకా, ఎండాకాలం ఇంకా ఎక్కువ. మూత్రం లేత రంగులో ఉంటే చాలుతున్నట్టు. గంటకో గ్లాసు చొప్పున పంచుకోవాలి, పడుకునే ముందు కూడా ఒకటి. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు మాత్రం మీ ఆయన తాగించినట్టు ఒకేసారి తాగకండి. అడ్డు పడ్డ గొట్టం వెనక ఒత్తిడి పెరుగుతుందే గానీ రాయి కొట్టుకుపోదు.

బాత్రూం కోసం అడగటం సిగ్గుపడే విషయం కాదు. కేరళలో కోజికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు మొదట పోరాడింది దీనికోసమే. ఆ పోరాటం సాగి సాగి 2018లో అక్కడ షాపుల్లో కూర్చునే హక్కుగా చట్టంలోకి వచ్చింది. పక్కనే తమిళనాడులో 2021లో అలాంటి సవరణే చేశారు. మీరు ఒక్కరే యజమానిని ఎదిరించమని చెప్పను, ఉద్యోగం పోతే ఆ కష్టం మీదే. కానీ డాక్టర్ చీటీ మీద 'తరచూ నీళ్లు తాగాలి, మూత్రానికి వెళ్లనివ్వాలి' అని రాయించుకుని సూపర్‌వైజర్‌కు ఇవ్వొచ్చు. కౌంటర్‌లో మీతో పాటు నిలబడే వాళ్లందరిదీ ఇదే బాధ. నలుగురు కలిసి అడిగితే అది మీ ఒక్కరి ఫిర్యాదులా ఉండదు.

మిగతా పాఠకులకు ఒక మాట. రాయి నొప్పి వచ్చినప్పుడు మనిషి ఒకచోట ఉండలేడు, మెలికలు తిరుగుతాడు. కదిలితే నొప్పి పెరుగుతుందని ముడుచుకుని పడుకునే కడుపు నొప్పి అపెండిసైటిస్ లాంటిది కావచ్చు. నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపులో ఒక పక్క నొప్పి వస్తే గర్భం గొట్టంలో నిలిచిందేమో చూడాలి. ఇవేవీ ఇంట్లో తేల్చుకునేవి కావు. రాయి ఉందని ముందే తెలిసినా సరే, జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, మందు కూడా నిలవనంతగా వాంతులవుతున్నా, మాత్ర వేసుకున్నా నొప్పి దిగకపోయినా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు నొప్పి మొదలైనప్పుడే వెళ్లాలి.

చివరిగా పాప గురించి. ఇంట్లో ఒకరికి రాళ్లుంటే పిల్లలకు వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువే, కానీ తప్పకుండా వస్తాయని కాదు. మీ ఇంట్లో తరతరాలుగా రాళ్లున్నాయన్న సంగతి మీ డాక్టర్‌కు చెప్పండి. మీ రాయి రకం తెలిశాక పాప విషయంలో ప్రత్యేకంగా ఏమైనా చూడాలో ఆయనే చెబుతారు. ఇప్పటికి పాపకు నొప్పి, మూత్రంలో మంట, రక్తం లాంటివేమీ లేకపోతే స్కాన్లు అక్కర్లేదు. స్కూల్లో బాత్రూం బాగోదని నీళ్ల సీసా నిండుగానే ఇంటికి తెస్తోందేమో ఒకసారి చూడండి. తెస్తుంటే కారణం అడగండి, అవసరమైతే వాళ్ల టీచర్‌తో మాట్లాడండి. రేపు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత స్కాన్ రిపోర్టు, ఫిల్ము, మీరు వేసుకున్న మాత్రల అట్టలు, ఈఎస్‌ఐ కార్డు, రేషన్ కార్డు ఒక సంచిలో పెట్టుకోండి. స్కాన్‌కు మూత్రసంచి నిండి ఉండాలి కాబట్టి ఇంటి నుంచే నీళ్లు తాగి బయల్దేరండి.